గింజకో గిన్నె

ముందు ఆ చప్పుడు వినిపించింది. పొడి గింజలు గాజు లోపల జారుతున్న చప్పుడు. ఎండుటాకుల మీద చిన్న వాన మొదలై, ఏదో మరిచిపోయినట్టు ఆగి, మళ్ళీ మొదలైనట్టుంది. బడి ఆఫీసు గదిలో టైపు మిషను ముందు కూర్చున్న డీనా ఫ్లాక్స్ చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది. చప్పుడు మెట్ల కిందనుంచి, వంటగదిలోంచి వస్తోంది. ఇదే బడిలో ఒకటో తరగతి పిల్లగా ఉన్ననాటి నుంచీ, వసంతం వచ్చి యూదుల పస్కా పండుగ వారం దూరంలో పడిందంటే ఆమె ఈ చప్పుడు వింటూనే ఉంది. ఊరి ఉక్కు మిల్లు కూతలు వింటూ పెరిగినట్టే ఇదీ వింటూ పెరిగింది. ఎప్పుడూ ఆగి వినలేదు.

ఆ రోజు గురువారం. ఆదివారం పొద్దున పదింటికి యూదు సంఘం కమిటీ కూర్చుంటుంది. వాళ్ళ ముందు పెట్టడానికి డీనా ఒక కాగితం తయారు చేస్తోంది. ఏ ఏడాది బడిలో ఎంతమంది పిల్లలున్నారో ఆ కాగితంలో ఉండాలి, అంతే. రిజిస్టర్లు 1968 నుంచే ఉన్నాయి. అంతకు ముందువి, పైపు పగిలిన చలికాలం, నేలమాళిగలో నాని అట్టముద్దలయ్యాయి. ఉన్నవాటిని పట్టుకుని ఆమె గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలిపింది. 1970లో రెండువందల పద్నాలుగు. అదే శిఖరం. అక్కణ్ణుంచి దిగుడు. డెబ్భై ఏడు సెప్టెంబరులో ఒక సోమవారం ఉక్కు మిల్లు మూసేస్తున్నామని చెప్పారు. ఆ తరవాత గీత మెట్ల మీద కాలు జారినట్టు పడింది. ఈ ఏటి చుక్క నలభై ఆరు.

కమిటీ పెద్ద మోర్టన్ గెల్మన్ ఊళ్ళో ఫర్నిచరు కొట్టు నడుపుతాడు. కిందటి సమావేశంలో ఆయన ఆ గీత మీద స్కేలు ఆనించి ముందుకు పొడిగించాడు. "నేను చెప్పక్కర్లేదు, స్కేలే చెబుతోంది. ఇంకో అయిదారేళ్ళలో సున్నా," అన్నాడు. చెడ్డవాడు కాడు. అలిసిపోయినవాడు. ఈ సెప్టెంబరులో ఒకటో తరగతి తెరవకుండా, బడికి తాళం వేసి, పిల్లలందర్నీ బస్సులో క్లీవ్‌లాండ్ బడికి పంపుదామని ఆయన మాట. గంటంబావు ప్రయాణం. బస్సు పొద్దున ఆరున్నరకి.

డీనా చిన్నకూతురు పెనీనాకు ఆరేళ్ళు. జావ తాగుతూ తాగుతూ గిన్నె పక్కనే తల వాల్చి నిద్రపోయే పిల్ల. సెప్టెంబరులో ఒకటో తరగతికి రావలసిన పిల్ల. బడి లేకపోతే ఆ పిల్లను చీకటితో లేపి బస్సెక్కించాలి, లేదా ఊరు వదలాలి. ఊరు వదిలినవాళ్ళ ఇళ్ళు డీనా వీధిలో ఇప్పటికే ఆరున్నాయి. వాటి కిటికీలకు పరదాలు లేవు. మధ్యాహ్నం ఎండ ఆ గదుల్లోకి వెళ్ళి, కూర్చోవడానికి చోటు లేక, తిరిగి వస్తూ ఉంటుంది.

డీనా కాగితం వదిలి మెట్లు దిగింది.

వంటగదిలో బడి వంటావిడ ఫ్రూమా టబాక్, ఊరంతటికీ అత్త, స్టూలు మీద నిలబడి ఉంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. తలగుడ్డ చెవుల వెనక్కి బిగించి కట్టి, మగవాళ్ళ స్వెట్టరు చేతులు మోచేతులదాకా మడుచుకుని, గోడ అలమారా పై అరలోంచి ఒక్కో గాజు సీసా దించి తడిగుడ్డతో తుడుస్తోంది. అన్నీ ఒకే రకం సీసాలు, ఒకప్పుడు దోసకాయ ఊరగాయ అమ్మినవి. వాటినిండా, కొన్నింటిలో సగానికి, కొన్నింటిలో అడుగున, పెద్ద తెల్ల చిక్కుడు గింజలు. మూతల మీద అంటించిన గుడ్డపట్టీల మీద హీబ్రూ అక్షరాల్లో సంవత్సరాలు. రేపు ఈ అలమారాకు కాగితం చుట్టి తాడు కట్టేస్తారు. పండుగ ఎనిమిది రోజులూ చిక్కుడు గింజ వాళ్ళ కళ్ళపడకూడదు.

"అత్తా, దిగండి ముందు. పడతారు."

"పడితే పడతాను. కింద నువ్వున్నావుగా, మెత్తగా."

"నేను మెత్తగా ఉన్నానా?"

"నా సూప్ తాగి పెరిగావు కదే. గట్టిగా ఎలా ఉంటావు?"

డీనా నవ్వలేదు. అలమారా వైపు చూస్తోంది. మూడు అరల్లో, వెనకా ముందూ, నలభై రెండు సీసాలు. బడి పుట్టి నలభై రెండేళ్ళు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, అందుకే ఎవరూ ఆలోచించలేదు. ఏటా బడి తెరిచిన మొదటి రోజు పొద్దున ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ వంటగది కిటికీ దగ్గర ఆగి, ఫ్రూమా అత్త చాచిన గోనెసంచిలోంచి ఒక్క గింజ తీసి సీసాలో వేసి లోపలికి వెళ్ళాలి. డీనా కూడా వేసింది. ఆ గింజ వేళ్ళమధ్య చల్లగా, నున్నగా ఉండటం ఇప్పుడు గుర్తొచ్చింది. అరవై ఎనిమిదికి ముందు పోయిన ఏళ్ళన్నీ ఇక్కడే ఉన్నాయి. నీళ్ళలో నానలేదు. అట్టముద్దలవలేదు. తన తల కన్న రెండు జానల ఎత్తులో, ఇన్నేళ్ళుగా, దుమ్ము తుడిపించుకుంటూ కూర్చున్నాయి.

డీనా ముందుకు జరిగింది. ఒక సీసా అందుకుని, మూత తీసి, బల్ల మీద వంచింది. చూపుడువేలితో ఒక్కో గింజనూ పక్కకు జరుపుతూ, "ఒకటి, రెండు, మూ..."

ఫ్రూమా చెయ్యి గింజల మీద పడింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి స్టూలు మీంచి అంత తొందరగా ఎలా దిగిందో డీనాకు తెలియలేదు.

"ఏం చేస్తున్నావే?"

"లెక్కపెడుతున్నాను అత్తా."

"అది చూశాను. ఎందుకని అడుగుతున్నాను."

"గింజలే కదా. మనుషులు కారుగా."

"గింజలేనా? మరి అంత ఒణుకెందుకు నీ చేతికి?"

మనుషుల్ని లెక్కపెట్టరు. అది ఆ ఇళ్ళల్లో ఉగ్గుపాలతో వచ్చే భయం. ప్రార్థనకు కావలసిన పదిమంది పోగయ్యారో లేదో చూడాలన్నా "ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు" అంటూ వేలు చూపిస్తారు. కొలిచినదాంట్లోంచి, తూచినదాంట్లోంచి, లెక్కపెట్టినదాంట్లోంచి దీవెన లేచి వెళ్ళిపోతుందని పెద్దల మాట.

ఫ్రూమా గింజల్ని దోసిట్లోకి ఎత్తి సీసాలో పోసింది. బల్ల కిందికి వంగి చూసి, జారిన ఒకదాన్ని వెతికి తీసింది. స్వెట్టరుకు తుడిచి అదీ వేసింది. అప్పుడు కూర్చుంది.

"ఇదెలా మొదలైందో తెలుసా నీకు?"

డీనాకు తెలియదు.

ఫ్రూమా పదిహేడేళ్ళప్పుడు లిథువేనియాలో ఒక చిన్న ఊరినుంచి, పాత ఇనుము అమ్ముకునే మేనమామ దగ్గరికి అమెరికాలోని ఈ యంగ్స్‌టౌన్ వచ్చింది. అది 1938. రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా ఉండే ఊరు. వచ్చిన మొదటి రాత్రి ఊరు తగలబడుతోందనుకుని మూట కట్టుకుంది. ఉక్కు కొలిములంటే అంతేనని మేనమామ కడుపుబ్బ నవ్వాడు. ఆ రోజుల్లో ఇక్కడి యూదులు పిల్లల్ని సర్కారు బడికే పంపేవాళ్ళు. పిల్లలు అందరి పిల్లల్లా కావాలి, డాక్టర్లు కావాలి. ధర్మగ్రంథం తోరా చదువు సాయంత్రం ఓ గంట, ఆవలింతల మధ్య. అలాంటి ఊళ్ళో, యుద్ధం ముగిసిన రెండేళ్ళకు, ఒక రబ్బీ, అంటే మతగురువు, అద్దె ఇల్లు తీసుకుని, పగలంతా మన చదువూ లోకం చదువూ ఒకే కప్పు కింద చెబుతానన్నాడు. జనం నవ్వారు. ఇనుప కొట్టువాళ్ళు నవ్వారు, దర్జీలు నవ్వారు. రబ్బీ ఫ్రూమాను సూప్ కాచిపెట్టమని అడిగాడు.

"ఎంతమందికి అన్నాను. ఆయన మొహం చూడాలి నువ్వు. చెప్పలేడు, లెక్కపెట్టకూడదు. చెప్పకపోతే నేను గిన్నెలు పెట్టలేను. ఇద్దరం గుమ్మంలో నిలబడి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నాం. నా చేతిలో చిక్కుళ్ళ సంచి ఉంది, సూప్‌లోకి. ఇలా రండర్రా అని పిలిచి, తలా ఒక గింజ తీసి ఈ సీసాలో వెయ్యండి అన్నాను. అందరూ లోపలికెళ్ళాక, గింజకో గిన్నె పెట్టుకుంటూ పోయాను బల్ల మీద. లెక్కలేదు, పత్రంలేదు. గిన్నె తక్కువ కాలేదు, ఎక్కువా కాలేదు."

"మరి గింజలు?"

"సూప్‌లో వేద్దామని సీసా ఎత్తాను. వెయ్యలేకపోయాను." ఆమె చేతిలో సీసా మూత బిగించింది. "మా ఊరివాళ్ళని జర్మన్లు వచ్చి చక్కగా లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నారే. నలభై ఒకటిలో. ఆ తరవాత ఆ ఊళ్ళో సూప్ తాగేవాళ్ళు లేరు. అందుకని, దాచాను."

పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. మూత లేచి పడుతోంది.

పక్కనే ఒక సీసా ఖాళీగా ఉండటం డీనా అప్పుడు చూసింది. మూత మీది అక్షరాల ప్రకారం అది 1955ది. "ఇదేమిటి?"

ఫ్రూమా మొహం చేటంత అయింది. "అదా! నా రెండో కూతురు పుట్టిన ఏడు. నేను పురిట్లో ఉంటే వేరే ఆవిడని పెట్టారు. వండే చెయ్యి మంచిదే కానీ ఆరా తక్కువ. ఒక శుక్రవారం చిక్కుళ్ళు అయిపోయాయట, అలమారాలో కనపడ్డాయి. అంతే, బార్లీ చిక్కుళ్ళ సూప్! ఆ మధ్యాహ్నం బడిలో ప్రతివాడూ తన్ను తాను తిన్నాడు. రుచిగా ఉందన్నారట పైగా!"

"మళ్ళీ నింపలేదా?"

"ఎలా నింపను? తిన్నవాళ్ళని మళ్ళీ పోగుచెయ్యమంటావా?"

అప్పుడు డీనా చెప్పింది. గీత గురించి, స్కేలు గురించి, ఆరున్నర బస్సు గురించి. పెనీనా గురించి కూడా. కాగితం పైనుంచి తెచ్చి బల్ల మీద పరిచింది. ఫ్రూమా కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని చేప తాజాదో కాదో చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది బడా?"

"బడే. అరవై ఎనిమిదినుంచి."

"నడిమినుంచి మొదలుపెడితే ఎవడైనా చావబోయేవాడిలాగే కనిపిస్తాడు. నన్ను గియ్యి అరవై ఎనిమిదినుంచి. నడుం వంగింది, పళ్ళూడాయి, మొగుడు పోయాడు. ఇంకేం ఉంటుంది అందులో? నేను పదిహేడేళ్ళప్పుడు కంచె దూకేదాన్నని ఎవడికి తెలుస్తుంది?"

"అందుకే అత్తా, లెక్కపెట్టనివ్వండి."

"వద్దు."

"మా అక్క బ్రూక్లిన్‌లో ఉంది కదా. అక్కడ ఒకటో తరగతికే నాలుగు గదులట. చాలక పిల్లల్ని పెరట్లో రేకుల బండిలో కూర్చోబెట్టారట. ఇక్కడ పోతున్నారు, అక్కడ పొంగుతున్నారు. మనమే ఎందుకు..."

"అక్కడి వంటావిడ చేతులెలా ఉన్నాయో పాపం," అంది ఫ్రూమా. తరవాత సీసాల వంక చూసింది. "లెక్కపెట్టొద్దన్నాను. చూపించొద్దనలేదు. వీటిని అక్కడికి తీసుకుపోదాం. వాళ్ళకి కళ్ళున్నాయిగా."

ఆదివారం పొద్దున బడి వ్యానులో, గుడ్ల అట్టల మధ్య, పులియని రొట్టెల ఖాళీ పెట్టెల్లో సర్దుకుని నలభై రెండు సీసాలూ బయల్దేరాయి. గుంట వచ్చినప్పుడల్లా ఆ వాన చప్పుడు. ఫ్రూమా ముందుసీట్లో ఒక సీసాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూతపడిన మిల్లు గోడ పక్కనుంచి, మహోనింగ్ నది మీదుగా వ్యాను పోయింది. నది ఒకప్పుడు కొలిముల వేడికి శీతాకాలంలోనూ గడ్డకట్టేది కాదు. ఇప్పుడు చలికాలం వచ్చిందంటే మామూలు నదిలా గడ్డకడుతోంది.

సంఘం హాలు గుమ్మంలోనే అడ్డుపడ్డారు. హాలు చూసుకునే మనిషి చీపురు అడ్డంపెట్టి నిలబడ్డాడు.

"నాలుగు రోజులు మోకాళ్ళ మీద కూర్చుని కడిగాను, పండక్కి. చిక్కుళ్ళు తెస్తారా లోపలికి? చిక్కుళ్ళు!"

"నిన్నేం తినమనలేదు," అంది ఫ్రూమా.

"తిననిది తేవడం దేనికి?"

వెనకాలే వచ్చిన రబ్బీ ఎల్యాకిం, బడి పెద్ద, గడ్డం సవరించుకుని ఆలోచించాడు. మనిషి చిన్నవాడు, మాట మెత్తన. "మూతలు బిగించి ఉన్నాయి. వండరు. కింద కాగితం పరుద్దాం. ఫ్రూమా గారూ, మూతలు తియ్యరు కదా?"

"నలభై రెండేళ్ళలో తియ్యలేదు రబ్బీ గారూ. సూప్ చేసిన ఆవిడ సంగతి నన్నడక్కండి."

గోడ పొడుగునా బల్లలు కలిపి, తెల్ల కాగితం పరిచి, డీనా సీసాల్ని వరసగా పెట్టడం మొదలుపెట్టింది. మొదటిది, రెండోది, పదోది. వంటగదిలో అవి మూడు అరల్లో, ఒకదాని వెనక ఒకటి ఉండేవి. ఒకే వరసలో వాటిని ఎవరూ చూడలేదు. దాచిన మనిషి కూడా చూడలేదు.

చివరి సీసా పెట్టి డీనా వెనక్కి జరిగింది. తూర్పు కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వచ్చింది. గింజలు వెలిగాయి.

హాల్లో మాటలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. కాఫీ పోసుకుంటున్నవాళ్ళు కప్పులు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడ్డారు. అది గ్రాఫు కాదు. ఒక కొండల వరస, తెల్లటి కొండలు, గాజు లోపల. ఎడమ కొసన పిడికెడు గింజలతో మొదలై, కొంచెం కొంచెంగా లేస్తోంది. లేచి లేచి, ఆరో సీసా దగ్గర ఒక్కసారిగా నేలకు పడిపోతోంది. అడుగు కూడా నిండలేదు దాంట్లో. ఏడోది మళ్ళీ లేస్తోంది. తొమ్మిదోది ఖాళీ. అక్కణ్ణుంచి ఎక్కుతూ ఎక్కుతూ, ఊరు రాత్రిళ్ళు ఎర్రగా వెలిగిన ఏళ్ళన్నీ ఎక్కి, ఒకచోట మూతదాకా వచ్చి, తరవాత సాయంకాలం నీడలా మెల్లగా దిగుతోంది. ప్రతి గింజనూ ఏదో ఒక చిన్న చెయ్యి వేసింది. కొన్ని చేతులు ఇప్పుడు ఆపరేషన్లు చేస్తున్నాయి. కొన్ని వియత్నాంలో ఆగిపోయాయి. కొన్ని ఈ హాల్లోనే కాఫీ కప్పులు పట్టుకుని ఉన్నాయి. ఏ గింజ ఎవరిదో ఎవరికీ తెలియదు. ఫ్రూమా కూతుళ్ళ గింజలూ వాటిలోనే ఉన్నాయి, ఏవో ఆమెకూ తెలియదు.

జనం వరస వెంట నడిచారు. మందిరంలో తోరా చుట్టను ఎత్తుకుని తిప్పుతున్నప్పుడు నడిచినట్టు, తోసుకోకుండా, గొంతులు తగ్గించి. ఎవరి ఏడాది దగ్గర వాళ్ళు ఆగారు. ఒకావిడ గాజు మీద వేళ్ళు ఆనించి తీసేసింది.

ఫ్రూమా గోడ పక్క కుర్చీలో కూర్చుని తన సీసాల వంక చూస్తోంది. "ఇంతమందికి వండానా?" అని ఎవర్నీ కాకుండా అడిగింది. ఆ మాటలో గర్వం లేదు. భయంలాంటిది ఉంది.

మోర్టన్ గెల్మన్ చివరగా వచ్చాడు. స్కేలు ఇంకా కోటు జేబులోనే ఉంది. "డీనా, బాగుంది. కానీ నాకు అంకెలు కావాలి," అన్నాడు. అలా అంటూనే ఆరో సీసా దగ్గర ఆగాడు. మూత మీద అక్షరాలు చదివాడు. 1952. "ఇది తప్పు. ఇది నా రెండో తరగతి ఏడు. ఇది ఇంత ఖాళీగా ఉందేమిటి? ఎవరైనా తిన్నారా దీన్ని?"

"ఎవరూ తినలేదు మోటీ," అంది ఫ్రూమా కుర్చీలోంచి. "ఉన్నంతమందే."

"లేదత్తా! నాకు బాగా గుర్తు. బడి కిటకిటలాడేది ఆ ఏడు. రోజూ మెట్ల మీద తోపులాట. చెవులు చిల్లులు పడేవి!" ఆయన సీసా ఎత్తి వెలుగుకు పట్టుకున్నాడు. వేలు గాజు మీద ఆనించాడు. "ఒకటి, రెండు..."

"మోటీ!"

హాలంతా ఉలిక్కిపడింది. నలభై నాలుగేళ్ళ మనిషి, కమిటీ పెద్ద, చెవి మెలేయించుకున్నవాడిలా వేలు వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మెల్లగా.

"ఒకటి కాదు. రెండు కాదు. మూడు కాదు..."

పదకొండు కాదు దగ్గర గింజలు అయిపోయాయి. ఆయన సీసా దించలేదు.

"ఇంతేనా?" అన్నాడు. "ఇంతేనా మేం?"

"పోలియో ఏడు కదరా. వీధిలో ఇద్దరు పిల్లలు పడిపోయారు. ఎవరికి వాళ్ళు పిల్లల్ని తీసుకుని పల్లెలకి, చుట్టాలిళ్ళకి పోయారు. మిగిలింది మీరే. మీరు చేసిన గోల చాలదూ! నువ్వు క్యారెట్ ముక్కలు ఏరి జేబులో కుక్కుకునేవాడివి. మీ అమ్మ ఆ జేబులు నాకు చూపించి ఏడ్చేది."

నవ్వులు లేచాయి. గెల్మన్ నవ్వలేదు. "అప్పుడెవరూ మూసేద్దాం అనలేదా?"

"అన్నారు. మీ నాన్నే అన్నాడు. ఇదిగో, ఇలాగే నిలబడి."

"మరి?"

"మరేముంది? కమిటీవాళ్ళు బడికొచ్చి మాట్లాడుతున్నారు. నేను లోపల గింజకో గిన్నె పెట్టి సూప్ పోసేశాను. పిల్లలు కూర్చున్నారు. ఆవిరొస్తోంది. ముందు తిననీ అన్నాడు మీ నాన్న. తిన్నారు. తరవాత గంట కొట్టారు, పాఠం మొదలైంది. ఆ తరవాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు."

గెల్మన్ సీసాలోని గింజల వంక చూశాడు. గొంతు తగ్గించాడు. "అత్తా, పోలియోకి మందొచ్చింది. ఉక్కు తిరిగి రాదు."

"రాదు," అంది ఆమె వెంటనే. "నేనేమన్నా వస్తుందన్నానా? నలభై ఏడులో మాకేం తెలుసు? ఊరంతా నవ్వింది. ఎవరొస్తారో ఎప్పుడూ తెలీదురా. నాకు తెలిసింది సూప్ దాకానే. వచ్చినవాడికి గిన్నె ఉండాలి. గిన్నె తీసేసి, ఎవరూ రావట్లేదని అనకూడదు."

రబ్బీ ఎల్యాకిం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఎవరో చీదారు. గెల్మన్ 1952 సీసాను తీసిన చోటే, కాగితం మీద పడిన గుండ్రటి మచ్చ మీదే, జాగ్రత్తగా పెట్టాడు.

"ఒకటో తరగతి తెరుద్దాం," అన్నాడు. "బస్సు మాట రెండేళ్ళు ఆపుదాం. రెండేళ్ళ తరవాత మళ్ళీ కూర్చుందాం. అంతకంటే నేను మాటివ్వలేను."

చేతులెత్తమన్నారు. ఎత్తినవాళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు. ఎత్తనివాళ్ళు ఇద్దరు. వాళ్ళ మాటా అబద్ధం కాదని డీనాకు తెలుసు. దిగుతున్న ఆ కొండలు అక్కడే ఉన్నాయి, ఎండలో, అందరికీ కనపడుతూ. అయినా ఆమె బల్ల దగ్గరికి నడిచింది. సీసాల్ని మళ్ళీ పెట్టెల్లో సర్దడం మొదలుపెట్టింది.

ఆ వేసవిలో ఫ్రూమా గుండె రెండుసార్లు ఆగి ఆగి కొట్టుకుంది. ఆగస్టు చివర ఆస్పత్రిలో చేర్చారు. బడి తెరిచిన మంగళవారం పొద్దున వంటగది కిటికీ దగ్గర సంచి పట్టుకుని డీనా నిలబడింది. పెనీనా రెండు గింజలు తీస్తే ఒకటి వెనక్కి పెట్టించింది. ఒకటో తరగతి గదిలో కుర్చీలన్నీ నిండలేదు. కానీ గదికి తాళం లేదు, నల్లబల్ల మీద సుద్దతో మొదటి అక్షరం ఉంది. క్లీవ్‌లాండ్‌లో అద్దెలు పెరిగాయని ఒక కుటుంబం తిరిగొచ్చింది. కొత్త ఆస్పత్రికి వచ్చిన ఇద్దరు డాక్టర్ల పిల్లలు చేరారు. వీళ్ళొస్తారని ఏ స్కేలూ చెప్పలేదు.

ఆ శుక్రవారం, సబ్బాతు దీపాలు వెలిగించే వేళకు ముందే, ఫ్రూమా టబాక్ పోయింది. బడి పుస్తకంలో ఆమె గురించి రెండు పేజీలు రాయమని డీనాకే చెప్పారు. ఎన్నేళ్ళు వండింది, ఎంతమందికి వండింది అని మొదలుపెట్టి, కొట్టేసి, ఆ మంగళవారం సాయంత్రాన్నే మళ్ళీ మళ్ళీ తలుచుకుంది.

ఆ సాయంత్రం డీనా బడినుంచి నేరుగా ఆస్పత్రికి పరిగెత్తింది. ఫ్రూమా దిండుకు ఆనుకుని ఉంది. తలగుడ్డ నీటుగా కట్టుకుంది. ముక్కు దగ్గర గొట్టం ఉన్నా కళ్ళు వంటగదిలో ఉన్నట్టే చురుగ్గా ఉన్నాయి. ఆఫీసులో నింపిన ఫారాలన్నీ డీనా తలలో గిరగిర తిరుగుతున్నాయి. ఆ అంకె నాలుక చివర ఉంది.

"అత్తా, ఈ ఏడు మొత్తం..."

ఫ్రూమా చెయ్యి దుప్పటి మీంచి లేచింది.

"అంకె చెప్పకే తల్లీ. పేర్లు చెప్పు. మెల్లగా చెప్పు, ఒక్కో పేరుకీ మొహం గుర్తు తెచ్చుకోనీ. కొత్తవాళ్ళయితే అమ్మ పేరు కూడా కలుపు. నా సూప్ తాగినదేమో చూస్తాను."